ఆనపబుర్ర పోయి ప్లాస్టిక్ సీసా వచ్చె!

అరకులోయ: పట్నం నుంచి వచ్చిన యాత్రికుడు నీళ్ళు తాగి సీసా రోడ్డు పక్కన పారేస్తాడు. అతని కారు ఘాట్ మలుపు తిరిగేలోగా ఆ సీసా మరొకరి సొత్తయిపోతుంది. మేకలు కాసే కుర్రవాడో, సంతకు నడిచి పోయే ముసలమ్మో దాన్ని చేతిలోకి తీసుకుని ముందుగా చూసేది ఒక్కటే - మూత ఉందా, లేదా? మూత ఉంటే సీసా గంపలోకి ఎక్కుతుంది. మూత లేకపోతే పడిన చోటే ఉండిపోతుంది.

అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట మండలాల కొండ గ్రామాలలో ఏ ఇంటిలోకి తొంగి చూసినా నాలుగైదు ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తాయి. ఒకటి దూలానికి వేలాడుతుంది. ఒకటి పొయ్యికి దూరంగా గోడవార నిలబడి ఉంటుంది. ఒకటి పొలానికి పోయే మనిషి భుజాన ఊగుతూ పోతుంది. ఏ కంపెనీ సీసా అయినా సరే, చాలా చోట్ల దాన్ని పిలిచే పేరు 'బిస్లరీ'యే. ఇందులో నీళ్ళు, అంబలి, నూనె, తేనె, కల్లు, విత్తనాలు - అన్నీ ఉంటాయి. పెట్రోలూ ఉంటుంది, పురుగుమందూ ఉంటుంది. చిక్కంతా అక్కడే వస్తోంది.

బుర్ర కాలం

సీసా రాకముందు ఈ పనులన్నీ చేసింది ఆనపబుర్ర. మైదానంలో కొందరు సొరబుర్ర అంటారు. ఇంటి చూరు మీదికి పాకిన తీగకు కాసిన కాయల్లో మంచి మెడ ఉన్న కాయను కోయకుండా ముదరనిస్తారు. తీగ మీదనే ఎండి, తడితే డొల్ల శబ్దం వచ్చేదాకా ఆగుతారు. తరువాత తొడిమ దగ్గర చిల్లు చేసి నీళ్ళు పోసి నాననిస్తారు. లోపలి గుజ్జు కుళ్ళిన మీదట గులకరాళ్ళు వేసి గిలకొట్టి గింజలూ పీచూ బయటికి తీస్తారు. కడిగి, ఎండబెట్టి, పొయ్యి పైన పొగకు వేలాడదీస్తారు. పొగ పట్టిన బుర్రకు పురుగు పట్టదు. మెడకు తాడు కట్టి, మూతికి ఆకు చుట్టో, చెక్క బిరడాయో పెడితే అదే నీళ్ళ సీసా, అదే ఫ్లాస్కు.

ఈ బుర్రకు ఒక గుణం ఉంది. ఏది పోస్తే దాని వాసనను అది పట్టుకుంటుంది. జీలుగు కల్లు పోసిన బుర్ర కల్లు బుర్రే. చోడి అంబలి పోసిన బుర్ర అంబలి బుర్రే. నీళ్ళ బుర్రలో మరొకటి పోస్తే ఇక ఆ బుర్ర నీళ్ళకు పనికిరాదు. కనుక ఇంటికి మూడు నాలుగు బుర్రలు వేరువేరుగా ఉండేవి. చీకటిలో చేయి పెట్టినా, మూతి దగ్గర ముక్కు పెడితే ఏ బుర్రో తెలిసిపోయేది. ఎవరూ చీటీలు అంటించలేదు. అంటించే అవసరమూ లేకపోయింది.

బుర్రకు లోపాలు లేవని కాదు. రాతి మీద పడితే పగులుతుంది. తయారు కావడానికి నెలల తరబడి పడుతుంది. పైగా తీగకు పది కాయలు కాస్తే మెడ కుదిరేది రెండు మూడింటికే. లోపల శుభ్రం చేయడం కూడా కష్టమే. పోతే అది ఇంట పండిన వస్తువు. పగిలిన నాడు పెంటలో వేస్తే మట్టిలో కలిసిపోతుంది.

ఉచితంగా వచ్చింది

సీసా మాత్రం ఉచితంగా వచ్చింది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరకుకు చలికాలంలో వచ్చే జనాన్ని చూసినవారికి అది ఎలా వచ్చిందో చెప్పనక్కర లేదు. కార్తీక మాసం వనభోజనాలు, వలిసె పూల పసుపు చేలల్లో ఫొటోలు, సంక్రాంతి సెలవులు - ఇవి వరుసగా వస్తాయి. 2017లో కిరండూల్ రైలుకు అద్దాల పెట్టె తగిలించిన తరువాత రైలు యాత్రకు మోజు మరింత పెరిగింది. వచ్చే ప్రతి మనిషి చేతిలోనూ ఒక నీళ్ళ సీసా. తిరిగి వెళ్ళే మనిషి చేతిలో మాత్రం అది ఉండదు.

సీసా ఏరుకోవడంలో కూడా కొండ ఆడవాళ్ళకు లెక్క ఉంది. నీళ్ళ సీసా పలుచన, నొక్కితే సొట్ట పడుతుంది. కూల్ డ్రింకు సీసా మందం, గ్యాసు ఒత్తిడిని తట్టుకోవడానికి కంపెనీవారు దాన్ని అలా చేస్తారు. కనుక రెండు లీటర్ల కూల్ డ్రింకు సీసాకు గిరాకీ ఎక్కువ. అది దొరికితే ఏళ్ళ తరబడి వాడతారు. చిన్న సీసా పిల్లల బడి సంచిలోకి పోతుంది. అర లీటరు సీసా తేనె అమ్మే వారికి కొలత. రోడ్డు పక్కన బుట్ట ముందు కూర్చున్న అవ్వను "ఏటమ్మా, తేనె ఎంత?" అని అడిగితే ఆమె చెప్పేది కిలో లెక్క కాదు, సీసా లెక్కే.

నీళ్ళు మోయడమే కాదు, సీసాను కోసి చేసే పనులూ చాలా ఉన్నాయి. పై సగం కోస్తే గరాటు. నూనె పోసుకోవడానికి, విత్తనాలు నింపుకోవడానికి ఇంతకు మించినది బజారులో లేదు. కింది సగం గరిటెలు పెట్టే కుండీ, లేదా ఉప్పు డబ్బా. ఏటవాలుగా కోస్తే ధాన్యం ఎత్తే చేట. నీళ్ళు నింపిన సీసాను మూతి కిందికి వచ్చేలా పళ్ళెంలో నిలబెట్టి కట్టేస్తే కోళ్ళకు నీటితొట్టి. కోడి తాగిన కొద్దీ దిగుతుంది, కాలు పెట్టి ఒలకబోయదు. రెక్కలు కోసి కర్రకు గుచ్చి చోడి చేలో పాతితే గాలికి గిరగిర తిరిగి, కటకటలాడి పిట్టలను తోలుతుంది. గెడ్డలో చిన్న చేపలు పట్టడానికి సీసా మూతి కోసి, దాన్నే తలకిందులు చేసి లోపలికి దూర్చి రాళ్ళ మధ్య పెడతారు. లోపలికి పోయిన చేపకు బయటికి దారి దొరకదు. వెదురుతో అల్లే చేపల బుట్టలో ఉన్న ఉపాయమే ఇది, వస్తువు మాత్రం మారింది.

విత్తనాల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఏజన్సీలో రాజ్‌మా పండించే రైతుకు ఏటా పెద్ద బెడద పుచ్చు పురుగు. గోనె సంచిలో పోసిన గింజ మరుసటి వానల నాటికి చిల్లులు పడి పిండి రాలుతుంది. అదే గింజను బాగా ఎండబెట్టి, పొడి సీసాలో గొంతు దాకా నింపి, మూత బిగించి, మూత చుట్టూ మైనం రాస్తే లోపలికి గాలి పోదు. లోపల ఉన్న కాస్త గాలి అయిపోగానే పురుగు కూడా చస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఎండ. గింజను పంటి కింద పెడితే కటుక్కున విరగాలి, మెత్తగా నొక్కుకుపోరాదు. తడి గింజను సీసాలో బిగిస్తే పురుగు చావడం మాట అటుంచి గింజే బూజు పట్టి చస్తుంది. చోళ్ళు, సామలు, కూరగాయల గింజలకు కూడా ఇదే పద్ధతి. సీసాను నీడలో ఉంచాలి, ఎండ తగిలే చూరుకు వేలాడదీయరాదు.

సీసాతో దీపం పెట్టవచ్చునని చాలామంది విన్నారు. అది నిజమే, కానీ పగటి దీపం. బ్రెజిల్ దేశంలో ఆల్‌ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో దీన్ని కనిపెట్టాడు. సీసా నిండా నీళ్ళు, అందులో పాచి పట్టకుండా కొద్దిగా బ్లీచింగు ద్రావణం పోసి, ఇంటి రేకుకు చిల్లు చేసి సగం బయటికి, సగం లోపలికి ఉండేలా బిగించాడు. ఎండ కాసినంత సేపు 40 నుంచి 60 వాట్ల బల్బు వెలుతురు గదిలో పరుచుకుంటుంది. తరువాత ఫిలిప్పీన్స్ దేశంలో 2011 నుంచి ఇది పెద్ద ఎత్తున సాగింది. కిటికీలు లేని మన కొండ ఇళ్ళకు బాగా పనికివచ్చే మాటే గాని, ఇది రేకుల ఇంటికి కుదిరినంతగా పెంకుటింటికి కుదరదు. చిల్లు చుట్టూ గట్టిగా అతికించకపోతే వెలుతురుతో పాటు వాన కూడా లోపలికి వస్తుంది.

కాఫీ తోటలోనూ ఈ సీసాకు పని ఉంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల పక్కన పెరిగే ఈ కాఫీని 2025లో కాయ తొలిచే పురుగు పట్టింది. మన దేశంలో ఈ పురుగు మొదట కనిపించింది 1990లో నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలో. కాఫీ పండే చాలా దేశాలలో దీన్ని పట్టడానికి ఎర్ర రంగు పూసిన రెండు లీటర్ల సీసాకు పక్కన కిటికీలు కోసి, లోపల ఎరమందు బుడ్డి వేలాడదీసి, అడుగున సబ్బునీళ్ళు పోస్తారు. పురుగు వాసనకు వచ్చి నీళ్ళలో పడి చస్తుంది. అయితే ఆ ఎరమందులో మిథనాల్ ఉంటుంది. అది చూపు పోగొట్టే విషం, ప్రాణం కూడా తీస్తుంది. కాఫీ బోర్డు వారు చెప్పిన తీరున తప్ప ఎవరికి వారు దాని జోలికి పోరాదు.

జబ్బుల కాలంలో

ఇంతవరకు చెప్పినవన్నీ సౌకర్యాలు. వానాకాలంలో సీసా చేయగల పని వేరే ఉంది. తొలకరి పడగానే ఊట గుంటలలోకి కొత్తనీరు చేరుతుంది. అది తాగిన పల్లెలలో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. రోడ్డు లేని కొండ శిఖర గ్రామాల నుంచి మనిషిని డోలీ కట్టి మోసుకుని రావాలంటే గంటలు పడుతుంది. ఆ గంటలలో ఒంటిలో నీరు పోకుండా నిలబెట్టడమే ప్రాణం నిలబెట్టడం.

ఆస్పత్రిలోనూ, ఆశా కార్యకర్త దగ్గరా ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం ఒక లీటరు నీటికి లెక్క కట్టి చేసింది. ఇంటిలో చెంబు ఎంత పడుతుందో ఎవరికీ తెలియదు. నీళ్ళు తక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకు కీడు చేస్తుంది, నీళ్ళు ఎక్కువైతే మందు పలచబడి పని చేయదు. ఒక లీటరు నీళ్ళ సీసా ఉన్న ఇంటిలో ఈ బెంగ లేదు. సీసా నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తే సరిగ్గా లీటరు. పొట్లం దొరకనప్పుడు అదే లీటరు నీటిలో తలకొట్టి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపవచ్చు. ఈ కొలతకు ఒక్క చిటికె కూడా పెంచరాదు. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. ఏ సంచిలో ఏ సీసా ఉన్నా ఈ కొలత సీసా ఒకటి శుభ్రంగా కడిగి విడిగా ఉంచుకోవడం ప్రతి తల్లీ చేయదగిన పని.

నీటిని శుభ్రపరచే పద్ధతి కూడా ఈ ఓ.ఆర్.ఎస్. విషయంలోంచే పుట్టింది. లెబనాన్ దేశంలో బీరూట్ నగరంలోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో ఆఫ్తిమ్ ఆక్రా అనే ఆచార్యుడు నీటినీ, ఓ.ఆర్.ఎస్. ద్రవాన్నీ ఎండలో పెట్టి క్రిములు చస్తాయని చూపాడు. 1984లో యునిసెఫ్ సంస్థ ఆ విషయాన్ని పుస్తకంగా వేసింది. 1991 నుంచి స్విట్జర్లాండులోని ఒక జల పరిశోధన సంస్థ దాన్ని ప్లాస్టిక్ సీసాలకు అనువుగా స్థిరపరచింది. అగ్గిపుల్ల కూడా అక్కరలేని పద్ధతి ఇది.

రంగు లేని, గీతలు పడని సీసా తీసుకోవాలి. రెండు లీటర్లకు మించరాదు. ఆకుపచ్చ సీసా పనికిరాదు. చుట్టూ ఉన్న కాగితం ఒలిచివేయాలి. ముందు ముప్పాతిక భాగం నీళ్ళు పోసి, గాలి కలిసేలా బాగా గిలకొట్టి, తరువాత నిండా నింపి మూత బిగించాలి. ఎండ బాగా తగిలే రేకు మీదో, బండ మీదో అడ్డంగా పడుకోబెట్టాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆరు గంటలు చాలు. సగానికి పైగా మబ్బు పట్టి ఉంటే వరుసగా రెండు రోజులు ఉంచాలి. నీళ్ళను మరో పాత్రలోకి మార్చకుండా ఆ సీసాలోంచే తాగితే మళ్ళీ క్రిములు చేరవు.

నీళ్ళు తేటగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఈ పత్రికే చాలు. పెద్ద అక్షరాల శీర్షిక మీద నిండు సీసాను నిలబెట్టి, మూతిలోంచి కిందికి చూడాలి. అక్షరాలు చదవగలిగితే ఆ నీటిలోకి ఎండ పోతుంది. కనబడకపోతే ముందు తేర్చి, గుడ్డలో వడకట్టుకోవాలి.

అరకులో ఈ పద్ధతికి ఒక అడ్డంకి ఉన్న మాట కూడా చెప్పాలి. చలికాలం ఉదయం మంచు తెర చాలా పొద్దెక్కే దాకా తొలగదు. ఆ గంటలు లెక్కలోకి రావు. ముసురు పట్టిన వానాకాలంలో ఎండే ఉండదు. అప్పుడు నీటిని మరగకాచడమే దారి. ఎండ నీటిలోని క్రిములను చంపుతుంది గాని, కలిసిపోయిన మందులను, రసాయనాలను తీసివేయదు.

చేతులు కడుక్కునే పనికి సీసాను వాడడం మరీ తేలిక. సీసా పక్కన సన్నని చిల్లు చేసి, నీళ్ళు నింపి, గుమ్మం దగ్గర కట్టాలి. మూత బిగించి ఉంటే నీరు ఆగుతుంది, కాస్త వదులు చేస్తే సన్నని ధార వస్తుంది. ఒక సీసా నీళ్ళతో చాలాసార్లు చేతులు కడుక్కోవచ్చు. నీళ్ళు దూరం నుంచి మోసుకొచ్చే ఇంటికి ఇది చాలా ఆదా. ఇలాంటి వేలాడే చేతికుళాయిని ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో డాక్టర్ జిమ్ వాట్ రూపొందించాడు. అక్కడ మొదట దాన్ని చేసింది ప్లాస్టిక్ సీసాతో కాదు, మన ఆనపబుర్ర వంటి బుర్రతోనే కావడం విశేషం!

చూపుకు అన్నీ నీళ్ళే

ఇప్పుడు చిక్కు సంగతి. బుర్రకు ఉన్న వాసన గుణం సీసాకు లేదు. లోపల ఏముందో కనిపిస్తుంది గనుక తెలిసిపోతుందని అనుకుంటాం. కానీ రంగు లేని కిరసనాయిలు నీళ్ళలాగే ఉంటుంది. మిథనాల్ నీళ్ళలాగే ఉంటుంది. బ్లీచింగు ద్రావణం, కొన్ని కలుపు మందులు, చీకటి ఇంటిలో చూస్తే పెట్రోలు కూడా అంతే. మోటారు సైకిళ్ళు కొండ మీదికి ఎక్కిన తరువాత పల్లె కొట్టులో లీటరు సీసాలతో పెట్రోలు వరుసగా పేర్చి అమ్ముతున్నారు. ఆ వరుసకు పక్కనే తాగే నీళ్ళ సీసాలు, కూల్ డ్రింకులు! పురుగుమందును కూడా పెద్ద డబ్బా నుంచి కొద్దికొద్దిగా ఇలాంటి సీసాలలో పోసి పంచుకుంటారు. పొలంలో పని చేసి వచ్చి గొంతెండిన మనిషి దూలానికి వేలాడే సీసాను అందుకుని ఎత్తి పోసుకునే ముందు వాసన చూస్తాడా? మూడేళ్ళ పిల్లవాడు చూస్తాడా?

దేశమంతటా పిల్లలు పొరపాటున విషం మింగే సంఘటనలలో కిరసనాయిలుది పెద్ద స్థానం. అందులో ఎక్కువ భాగానికి కారణం దాన్ని నీళ్ళ సీసాలో పోసి పిల్లలకు అందే ఎత్తున పెట్టడమే. అటువంటప్పుడు మన పల్లెలలో చేసే మొదటి పని బిడ్డ గొంతులో వేలు పెట్టి కక్కించడం. అది చేయకూడదు. కిరసనాయిలు, పెట్రోలు మింగిన బిడ్డ కక్కితే అది ఊపిరితిత్తులలోకి పోయి మరింత చేటు చేస్తుంది. ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించరాదు. 108కి కబురు చేసి, మింగిన సీసాను కూడా వెంట తీసుకుని ఆస్పత్రికి పోవాలి. ఏ మందో తెలిస్తే డాక్టరు పని సగం తేలికవుతుంది.

ఈ విలేఖరి ఉద్దేశంలో దీనికి బుర్ర కాలపు కట్టుబాటే సరైన మందు. తాగే వాటికి ఒక సీసా, తాగనివాటికి సీసాయే వద్దు. పెట్రోలుకు, పురుగుమందుకు ఇనుప డబ్బానో, వచ్చిన డబ్బానో ఉంచాలి. ఏ దారీ లేక సీసాలోనే పోయవలసి వస్తే చదువు వచ్చినవారికే పనికివచ్చే చీటీ కాకుండా అందరికీ తెలిసే గుర్తు పెట్టాలి. మెడకు నల్లగుడ్డ బిగించి కట్టడమో, సీసా అంతటా మసి పూయడమో చేయవచ్చు. చీకటిలో చేతికి తగిలే గుర్తయితే మరీ మంచిది. ఒకసారి మందు పోసిన సీసాను ఎన్నిసార్లు కడిగినా నీళ్ళకు వాడరాదు. అడుగున రెండు చిల్లులు పొడిచేస్తే ఇక ఎవరూ ఏరుకుపోరు.

మరికొన్ని జాగ్రత్తలు చిన్నవే. సలసల కాగే గంజి, అంబలి ఇందులో పోయరాదు. సుమారు 70 డిగ్రీల వేడి దాటితే ఈ ప్లాస్టిక్ మెత్తబడి సొట్టపోతుంది. లోపల ఇసుక వేసి తోమితే గీతలు పడి ఆ గీతలలో పాచి చేరుతుంది. గుప్పెడు బియ్యమో, చోళ్ళో వేసి సబ్బునీళ్ళతో గిలకొడితే చాలు. మసకబారిన సీసాను నీళ్ళ పని నుంచి తప్పించి గరాటు పనికి దింపాలి. కోసిన సగం ముక్కలు పెరటిలో వెల్లకిలా పడి ఉంటే వాన నీరు నిలిచి, పది రోజులు తిరగకుండానే అందులో డెంగ్యూ దోమ పుడుతుంది. మలేరియాతో ఏళ్ళ తరబడి పోరాడుతున్న మన్యానికి మరో దోమను పెంచి పోషించడం దేనికి? అన్నిటికంటె ముఖ్యం పొయ్యి. వానకు తడిసిన కట్టె అంటుకోవడం లేదని సీసా ముక్క వేసి మంట రాజేయడం చాలా ఇళ్ళలో అలవాటైంది. కిటికీ లేని ఇంటిలో ఆ నల్లటి పొగను పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న తల్లి, ఆమె ఒడిలోని బిడ్డ.

పోయే చోటు ఏది?

ఎంత జాగ్రత్తగా వాడినా సీసాకు ఒకనాడు చివరి రోజు వస్తుంది. బుర్రకు పెంట ఉంది. సీసాకు ఏముంది? మైదానంలో అయితే పాత సామాన్లవాడు వచ్చి ఉల్లిపాయలిచ్చి పట్టుకుపోతాడు. కరిగించి దారం తీసి, తలగడలలో నింపే పీచుకు, బట్టలకు వాడతారు. అడుగున ముక్కోణంలో 1 అంకె ఉన్న సీసాలన్నిటికీ ఆ గిరాకీ ఉంది. కానీ కొండకు పాత సామాన్లవాడు ఎందుకు రాడో లెక్క వేస్తే తెలుస్తుంది. లీటరు సీసా ఒకటి పాతిక గ్రాములు కూడా తూగదు. కిలో కావాలంటే నలభైకి పైగా సీసాలు ఏరాలి. నలభై సీసాలు ఒక గోనెడు, అందులో ఎక్కువ భాగం గాలే. ఆ గాలిని ఘాట్ రోడ్డు మీదుగా 115 కిలోమీటర్లు మోసుకుపోతే డీజిలు ఖర్చు కూడా రాదు. తొక్కి చప్పగా చేసి మూత బిగిస్తే అదే గోనెలో మరెన్నో రెట్లు పడతాయి. సంత రోజున ఒక చోట తూకం పెట్టి కొనే ఏర్పాటు, అక్కడే నొక్కి కట్టలు కట్టే యంత్రం ఉంటే బండికి బరువు, ఏరినవారికి కూలి దక్కుతాయి.

అసలు పారేసేవారి మాట ఏమిటి? దేశమంతటా 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని నిషేధించారు. గొట్టాలు, చెంచాలు, పళ్ళేలు, గ్లాసులు ఆ జాబితాలో ఉన్నాయి. నీళ్ళ సీసా లేదు. ఆ పళ్ళేల చోటు తీసుకోవడానికి మన అడవిలో అడ్డాకు సిద్ధంగా ఉంది గాని, సీసా చోటు తీసుకునేది ఏదీ యాత్రికుడి చేతికి దొరకడం లేదు.

మనవంటి కొండ జిల్లాయే అయిన తమిళనాడులోని నీలగిరిలో 2019 ఆగస్టు 15 నుంచి నీళ్ళ సీసాల మీద నిషేధం పెట్టి, యాత్రికులు నింపుకోవడానికి నీటి ఏటీఎంలు నెలకొల్పారు. అదే జిల్లాలో 2022లో మద్యం సీసాలకు మరో పద్ధతి తెచ్చారు. కొనేటప్పుడు పది రూపాయలు అదనంగా పుచ్చుకుని, ఖాళీ సీసా తిరిగి ఇచ్చినప్పుడు ఆ పది రూపాయలు వాపసు ఇస్తారు. ఆ సీసాను ఎవరు తెచ్చినా డబ్బు వస్తుంది గనుక, కొన్నవాడు పారేసినా ఏరినవాడు వదలడు. అరకు రైల్వే స్టేషను, బొర్రా గుహలు, చాపరాయి, పద్మాపురం తోట - యాత్రికులు తప్పక ఆగే చోట్లు ఇవే. ఈ చోట్ల కొట్లలో అమ్మే సీసాకు పది రూపాయలు కట్టి ఉంచితే, ఇప్పుడు మూత ఉన్న సీసాను మాత్రమే ఏరే ముసలమ్మ మూత లేనిదాన్ని కూడా ఏరుతుంది.

బొర్రా దగ్గర విసిరిన సీసా ఎటు పోతుందో కూడా యాత్రికులు తెలుసుకోవడం మంచిది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీ నది బొర్రా గుహల గుండా పారి, కిందికి దిగి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. వాగులో పడిన వస్తువుకు వానాకాలంలో దారి అదే. తాటిపూడి నీళ్ళు పోయేది విశాఖపట్నం కుళాయిలకు.